పట్టుదారంతో అల్లిక, ఫ్రిజ్‌లో పూలగడ్డలు: మన చలికాలానికి ఏది సెట్ అయితది?

(ఇది వీడియోలో మాట్లాడినదానికి రాతరూపం. చదవడానికి వీలుగా అక్కడక్కడ మాటలు సర్దాం.)

మాది ఇబ్రహీంపట్నం. సాగర్ రోడ్డు మీద వెళ్లినోళ్లకి మా పెద్ద చెరువు తెలిసే ఉంటది. ఇంజినీరింగ్ చదివినోళ్లకైతే మా ఊరు ఇంకా బాగా తెలుసు, చుట్టూ కాలేజీలే కదా. నవంబర్ మొదటి వారం నడుస్తోంది. పొద్దున ఆరింటికి చెరువు గట్టు మీద మంచు, మధ్యాహ్నం రెండింటికి మళ్లీ ఫ్యాన్. మన చలికాలం అంటే ఇదే. ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ఫ్యాన్ గురించే అనుకోండి.

పోయిన ఏడాది ఈ టైమ్‌కి నేను ఫోన్‌లో రోజుకి రెండు గంటలు ఒకే రకం వీడియోలు చూసేదాన్ని. బయట మంచు కురుస్తుంటది, కిటికీ దగ్గర ఒక అమ్మాయి మెత్తటి ఊలుతో షాల్ అల్లుతుంటది, పక్కన గాజు సీసాలో ఒక గడ్డ, దాని మీద నీలం పువ్వు. చూస్తే మనసు చల్లబడేది. మా నానమ్మ అప్పుడే పడి తుంటి ఎముక ఆపరేషన్ అయ్యి మంచం మీద ఉంది. ఆ గదికి ఒక్కటే కిటికీ. ఆ కిటికీలో పూలు పెడదాం, ఆమెకి ఒక షాల్ అల్లుదాం అనుకున్నా. నా దగ్గర ఆరు వేలు ఉన్నాయి. అందులో నాలుగు వేల దాకా మట్టిపాలు చేశా. మీరు అట్లా చేయకూడదనే ఇదంతా చెప్తున్నా.

ముందు దారం సంగతి.

మన దగ్గర షాపుల్లో "ఊలు" అని అమ్మేదాంట్లో ఎక్కువ శాతం ఊలు కాదు, యాక్రిలిక్. అంటే ప్లాస్టిక్ పోగు. దాన్ని తప్పు అనట్లేదు. నేర్చుకోవడానికి అదే మంచిది, చవక, ఎన్నిసార్లు విప్పి అల్లినా ఏం కాదు. సమస్య ఎక్కడంటే, యాక్రిలిక్‌ని మెరినో అని, విస్కోస్‌ని పట్టు అని, ఇంకేదో కలిపినదాన్ని పష్మినా అని అమ్మినప్పుడు. నేను ఆన్‌లైన్‌లో "ప్యూర్ సిల్క్" అని చూసి మూడు ఉండలు తెప్పించా. డబ్బా విప్పి నానమ్మ చేతిలో పెట్టా. ఆమె రెండు వేళ్ల మధ్య అట్లా రుద్ది, "బిడ్డా, గిది పట్టు గాదు" అంది. అర నిమిషం కూడా పట్టలేదు.

ఆమెకెట్లా తెలుసు అంటారా? నానమ్మ పుట్టిల్లు పోచంపల్లి దిక్కు. పెళ్లి కాకముందు ఆమె పని ఆసు పోయడం. మీలో చాలామంది 2019లో వచ్చిన "మల్లేశం" సినిమా చూసి ఉంటారు. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం గారి కథ. వాళ్లమ్మ లక్ష్మి గారు చీరలకి ఆసు పోసీ పోసీ భుజం నొప్పితో పడే బాధ చూడలేక ఆయన మిషన్ తయారు చేశారు. దానికి అమ్మ పేరే, లక్ష్మీ ఆసు మిషన్ అని పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆసు అంటే ఏంటంటే, చీరకి అడ్డంగా వచ్చే పోగుని రంగు అద్దడానికి ముందు విసనకర్ర ఆకారంలో మేకులున్న చట్రం మీద వరుసగా చుట్టాలి. మధ్యలో ఒక మేకు, అంచున వంపుగా బోలెడు మేకులు. చెయ్యి ఇటునుంచి అటు, అటునుంచి ఇటు. ఒక్క చీరకే వేల సార్లు. మా నానమ్మ కుడి భుజం ఇప్పటికీ తల దాకా లేవదు. ఆమె దువ్వెన ఎడమ చేత్తో పట్టుకుంటది. పట్టు మెత్తగా ఉంటదని మనం అంటాం కదా, ఆ మెత్తదనం వెనకాల ఇట్లాంటి భుజాలున్నాయి. సరే, ఎపిసోడ్‌కి వద్దాం.

మీ ఇంట్లో అట్లాంటి నానమ్మ లేకపోతే కాల్చి చూడండి. నాలుగు అంగుళాల ముక్క చాలు. చేత్తో పట్టుకోవద్దు, పట్టకారుతో పట్టుకుని సింక్ మీద అంటించాలి. అసలైన ఊలైనా, పట్టైనా వెంట్రుక కాలిన వాసన వస్తది. ఎందుకంటే అవి కూడా వెంట్రుకలాగా ప్రోటీన్‌తో తయారైనవే. మంట తీస్తే మెల్లగా ఆరిపోతది, మిగిలిన బూడిద వేళ్లతో నలిపితే పొడి అయిపోతది. యాక్రిలిక్ అయితే కరిగి, నల్లగా గట్టి పూసలాగా మిగుల్తది. విస్కోస్ అయితే కాగితం కాలినట్టు భగ్గున కాలి, కాగితం వాసనే వస్తది. నాకు వచ్చింది ఈ మూడోది.

ఇంకో మాట. జనవరిలో నాంపల్లి నుమాయిష్‌కి వెళ్తారు కదా, కశ్మీర్ షాళ్ల దుకాణాలు చూస్తారు. షాల్‌ని ఉంగరంలోంచి లాగి చూపించి "ఇదిగో అసలైన పష్మినా" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. పల్చటి విస్కోస్ షాల్ కూడా ఉంగరంలోంచి హాయిగా వస్తది. కశ్మీర్ పష్మినాకి జీఐ గుర్తింపు ఉంది. పోగు మందం 16 మైక్రాన్లు దాటకూడదు, చేత్తో వడకాలి, చేత్తో నేయాలి. ఆ లేబుల్ అడగండి. ఉంగరం అడగొద్దు.

మైక్రాన్ అన్నా కదా, అదేంటో చెప్తా. ఖరీదైన దారం ఎందుకు ఖరీదో అక్కడే అర్థమైతది. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. మెడకి తగిలినా గుచ్చుకోని మెరినో ఊలు పోగు దాదాపు 18, 19 మైక్రాన్లు. పట్టుపోగు ఇంకా సన్నం, పది పన్నెండు దగ్గర. మన దక్కనీ గొర్రె ఊలు 30 దాటి ఉంటది. పోగు 30 మైక్రాన్లు దాటితే దాని కొన చర్మానికి తగిలినప్పుడు వంగదు, గుచ్చుతది. గొంగడి గరగర అంటది కదా, కారణం అదే. చాలామంది అది ఎలర్జీ అనుకుంటారు. ఎక్కువసార్లు ఎలర్జీ కాదు, ఒట్టి గుచ్చుకోవడమే.

అట్లా అని గొంగడిని తక్కువ చేయను. కురుమోళ్లు తరాలుగా నేసిన గొంగడి మీద వాన పడితే నీళ్లు జారిపోతాయి. గొర్రెలు కాసేటోళ్లకి అదే దుప్పటి, అదే గొడుగు. మా ఇంట్లో నానమ్మ మంచం మీద పరుపు కింద ఇప్పటికీ ఒకటుంది. మెడకి చుట్టుకునే షాల్‌కి మాత్రం అది పనికిరాదు, అంతే.

మరి మన ఊరి చలికి ఏ దారం? రాత్రి పన్నెండు, పద్నాలుగు డిగ్రీలు, పగలు ఇరవై ఎనిమిది. ఇక్కడ నూటికి నూరు పాళ్లు కాష్మీర్‌తో స్వెటర్ అల్లుకుంటే సంవత్సరంలో పది రోజులు వేసుకుంటాం, అదీ పొద్దున ఎనిమిదింటి దాకా. డబ్బులు అటు పెట్టొద్దని నా సలహా. మనకి పనికొచ్చేది పట్టు, పత్తి కలిపిన దారం, లేకపోతే పట్టు, మెరినో సగం సగం. పట్టు చలికి వెచ్చగా ఉంటది, ఎండకి ఉక్కపోయదు, చెమట పీల్చుకుంటది. నేను రెండోసారి తీసుకున్నది మెరినో, పట్టు సగం సగం, వంద గ్రాముల చిలప, నాలుగు వందల మీటర్లు. ఒక చిన్న షాల్‌కి సరిపోతది.

ఇక్కడో డౌట్ వస్తది. పోచంపల్లి పక్కనే కదా, మగ్గానికి వాడే పట్టుపోగే తెచ్చుకుని అల్లొచ్చు కదా అని. నేనూ అదే అనుకున్నా. ఒక్క పట్టుకాయ నుంచి దాదాపు కిలోమీటర్ పోగు తీస్తారు. కొన్ని కాయల పోగులు కలిపితేనే మగ్గానికి ఒక దారం, అదీ వెంట్రుక కన్నా పెద్ద లావుండదు. సూదులతో అల్లాలంటే అట్లాంటివి పదుల్లో కలిపి పట్టుకోవాలి, ఒకటి జారితే ఇంకోటి చిక్కుపడతది. పైగా జిగురు తియ్యని పట్టు గరుకుగా, తీగలాగా ఉంటది. సబ్బునీళ్లలో ఉడకబెట్టి జిగురు తీస్తేనే ఆ మెరుపు, మెత్తదనం వస్తాయి. అప్పుడు బరువులో దాదాపు నాలుగో వంతు పోతది. అల్లికకి అమ్మే పట్టుదారం వేరు. తెగిపోయిన కాయలు, మిగిలిన పీచు కలిపి దూదిలాగా వడికిన స్పన్ సిల్క్ అందులో ఎక్కువ. మగ్గం పట్టు కన్నా మెరుపు కొంచెం తక్కువ, ధర కూడా తక్కువ.

అల్లేటప్పుడు రెండు మూడు తిప్పలున్నాయి. ఊలుకి సాగే గుణం ఉంది, లాగి వదిలితే వెనక్కి వస్తది. పట్టుకి అది లేదు. అందుకే పట్టుతో స్వెటర్ చేతి అంచులు, టోపీ అంచులు అల్లితే వారం తిరక్కుండా వదులైపోతాయి. షాల్, స్కార్ఫ్ అయితే ఆ బాధ లేదు, ఆ జారుడే అందం. స్టీల్ సూదుల మీద పట్టు జారిపోతది, వెదురు సూదులు వాడండి. నేను వాడింది నాలుగు మిల్లీమీటర్లది. ముందు పది సెంటీమీటర్ల చదరం ముక్క అల్లి, ఉతికి, ఆరాక కొలవండి. నేను ఉతకకుండా కొలిచా. షాల్ తడిపాక జానెడు పొడుగు పెరిగింది. మోటు చేతులకి పట్టు పట్టుకుంటది, పోగులు లేస్తాయి. కూర్చునే ముందు చెంచాడు చక్కెర, కొంచెం కొబ్బరినూనె చేతులకి రుద్ది కడుక్కుంటే నున్నగా అయితాయి. ఇంకోటి, చిలప నుంచి నేరుగా అల్లొద్దు. ముందు ఉండ చుట్టుకోవాలి. నాకు ఇది తెలియక చిలప విప్పి మంచం మీద పడేసి మొదలుపెట్టా. ఆ చిక్కు తీయడానికి మూడు సాయంత్రాలు పట్టింది. తీసింది నేను కాదు, నానమ్మ. చెయ్యి పైకెత్తకుండా ఒళ్లో పెట్టుకుని, ఒక్క పోగు తెంపకుండా. ఆపరేషన్ అయినంక ఆమె అంతసేపు కూర్చుని ఉండటం అదే మొదటిసారి.

ఉతకడం గురించి మాత్రం గట్టిగా చెప్తా. ఊలుపోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడినీళ్లు, కుదుపు, సబ్బు మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని బట్ట ముడుచుకుపోతది. మళ్లీ విప్పలేం. నా మొదటి మెరినో టోపీ మా అమ్మ మామూలు బట్టలతో వాషింగ్ మెషిన్‌లో వేసింది. బయటికి వచ్చినప్పుడు అది కొబ్బరికాయకి సరిపోయేటట్టు ఉంది. చల్లటి నీళ్లు, రెండు చుక్కల షాంపూ, పిండకుండా తువాలులో చుట్టి నొక్కడం, నీడలో పరచడం. మనకి మేడ మీద ఎండలో ఆరేయడం అలవాటు. ఎండకి పట్టు పసుపెక్కుతది, బలం కూడా పోతది.

ఇప్పుడు పూలగడ్డలు.

తులిప్ గడ్డని నిలువునా కోసి చూస్తే లోపల బుల్లి పువ్వు అప్పటికే తయారై ఉంటది. హయసింత్ కూడా అంతే. అంటే మనం పువ్వుని పుట్టించట్లేదు, నిద్రలేపుతున్నాం. అది లేవాలంటే ముందు గట్టిగా చలి తగలాలి. వాటి సొంతూళ్లు మధ్య ఆసియా, టర్కీ చుట్టుపక్కల కొండలు. అక్కడ చలికాలమంతా మంచు కింద ఉండి, అది కరిగాక పూస్తాయి. చలికి గడ్డలో దాచుకున్న పిండి చక్కెరగా మారుతది, కాడ పొడుగు సాగే శక్తి వస్తది. తులిప్‌కి ఇట్లా 12 నుంచి 16 వారాలు కావాలి, హయసింత్‌కి పది వారాల పైన, నాలుగు నుంచి తొమ్మిది డిగ్రీల మధ్య. మన ఊళ్లో ఒక్క రాత్రి పది డిగ్రీలకి దిగితేనే వార్తల్లో వస్తది. పన్నెండు వారాలు ఎక్కడి నుంచి తేవాలి?

ఫ్రిజ్ నుంచి. కూరగాయల ట్రేలో కాగితం సంచిలో పెట్టాలి. ప్లాస్టిక్ కవర్ వద్దు, బూజు పడతది. నేను ఇదే చేశా. తులిప్ గడ్డలు పది, హయసింత్ గడ్డలు ఐదు. కానీ పెట్టింది నవంబర్ మధ్యలో. ఇప్పుడు లెక్క వేయండి. నవంబర్ మధ్య నుంచి పన్నెండు వారాలంటే ఫిబ్రవరి మొదటి వారం. బయటికి తీసి నాటాక పూయడానికి ఇంకో మూడు నాలుగు వారాలు. అంటే ఫిబ్రవరి చివర. అప్పటికి మన దగ్గర పగలు ముప్పై మూడు. నా తులిప్‌లు ఆకులు వేశాయి, మొగ్గ లోపలే ఎండిపోయింది. ఒక్కటి కూడా పూయలేదు. శ్రీనగర్‌లో 2007లో తెరిచిన తులిప్ తోట మార్చి చివర, ఏప్రిల్‌లో పూస్తదంటే అక్కడ ఆ చలి ఉంది కాబట్టి. ఢిల్లీ రోడ్ల పక్కన ఫిబ్రవరిలో కనిపించేవి కూడా చాలావరకు నెదర్లాండ్స్‌లో ముందే చల్లబరిచి తెచ్చిన గడ్డలు. 1637లో అక్కడ ఇవే గడ్డల బేరాల్లో ఒక్కసారిగా ధర కూలిపోయిన కథ మీరు వినే ఉంటారు. తులిప్ మీద డబ్బు పోగొట్టుకున్నది నేనొక్కదాన్నే కాదని నాకదే ఓదార్పు.

ఇంకో తప్పు కూడా చేశా. అదే ఫ్రిజ్‌లో పండిన సీతాఫలాలున్నాయి. మా దిక్కు గుట్టల మీద కాసేవి, ఆ సీజన్‌లో ప్రతి ఇంట్లో ఉంటాయి. పండే పండ్లు ఇథిలీన్ అనే గ్యాస్ వదుల్తాయి. యాపిల్, అరటి, సీతాఫలం అన్నీ. ఆ గ్యాస్ గడ్డ లోపలి మొగ్గని చంపేస్తది. బయటికి గడ్డ నిగనిగలాడుతూ ఉంటది, లోపల మొగ్గ చచ్చిపోయి ఉంటది. గడ్డలు పెట్టిన మూడు నెలలూ ఆ ఫ్రిజ్‌లో పండిన పండ్లు పెట్టకూడదు. ఒక్క ఫ్రిజ్ ఉన్న ఇంట్లో ఇది ఎంత కష్టమో మా అమ్మని అడగండి.

ఇప్పుడు అసలు భయపడ్డ సంగతి. ఒకరోజు అమ్మ పప్పులోకి పోపు పెడుతూ కేకేసింది, "ఈ ఉల్లిగడ్డ ఏంటే, కోస్తుంటే కండ్లు మండట్లేదు, చేతులు దురద పెడుతున్నాయి" అని. నేను పరుగెత్తుకొచ్చేసరికి హయసింత్ గడ్డ సగం తరిగి ఉంది. ఇంకో నిమిషం అయితే నూనెలో పడేది. హయసింత్, తులిప్, నార్సిసస్ గడ్డలన్నీ చూడటానికి ఉల్లిగడ్డలే. అన్నీ విషమే. తింటే వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి. నార్సిసస్‌లో లైకోరిన్ అనే పదార్థం ఉంటది, ఉడికించినా పోదు. ఆ పప్పు ముందుగా తినేది నానమ్మ. అప్పటికి ఆపరేషన్ అయ్యి ఐదు వారాలు. నాకు ఆ రోజు కాళ్లు వణికాయి.

కాబట్టి దయచేసి సంచి మీద స్కెచ్ పెన్‌తో పెద్దగా తెలుగులో రాయండి, "ఇది తినేది కాదు" అని. మూత ఉన్న డబ్బాకి రంధ్రాలు పెట్టి అందులో సంచి ఉంచండి. చదవడం రాని పెద్దవాళ్లుంటే నోటితో చెప్పండి, గడ్డ చూపించి చెప్పండి. పట్టుకునేటప్పుడు చేతికి గ్లవ్స్ వేసుకోండి. పొరపాటున ఎవరైనా తింటే ఇంట్లో చిట్కాలు వెతకొద్దు, మిగిలిన గడ్డ ముక్క చేతిలో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. ఏం తిన్నారో డాక్టర్‌కి చూపించాలి కదా.

మిగిలిన నాలుగు హయసింత్‌లలో ఒకటి కుళ్లింది. సీసాలో నీళ్లు గడ్డ అడుగుకి తగిలీ తగలనట్టు ఉండాలి, నేను సగం ముంచా. రెండు సీతాఫలాల పాలయ్యాయి. ఒక్కటి పూసింది. ఆ ఒక్కదానికి నేను పడ్డ పాట్లు చెప్పాలి. పగటి వేడికి కాడ పొడుగు పెరగదు, ఆకుల మధ్యే పువ్వు కుక్కినట్టు వస్తది. అందుకని రెండు మట్టికుండలు తీసుకుని, పెద్దదాంట్లో చిన్నది పెట్టి, మధ్యలో తడి ఇసుక పోసి, లోపల సీసా ఉంచా. మనకి చలికాలం గాలి పొడిగా ఉంటది కదా, ఇసుకలోంచి నీళ్లు ఆవిరవుతూ కుండని చల్లబరుస్తాయి. రంజన్‌లో నీళ్లు చల్లబడ్డట్టే. మొలక నాలుగైదు సెంటీమీటర్లు వచ్చేదాకా చీకట్లో, తర్వాత కిటికీ దగ్గర వెలుతురులో. ఫిబ్రవరి రెండో వారంలో పూసింది. పొట్టిగానే, కానీ నీలంగా, గదంతా వాసన.

నానమ్మ ఒక పూట చూసింది. సాయంత్రానికి, "గిది పువ్వా, సెంటు సీసానా? తలనొప్పి వస్తుంది. అవుతల పెట్టు. రేపు బజారుకి పోతే లిల్లి దండ తీస్కరా" అంది.

నాకు కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. ఆమె అడిగిన లిల్లి కూడా గడ్డ నుంచి వచ్చేదే. గుడిమల్కాపూర్ మార్కెట్‌లో కిలోల లెక్కన అమ్మే తెల్ల పువ్వు. పుస్తకాల్లో రజనీగంధ, నేలసంపెంగ అంటారు. దాని సొంతూరు మెక్సికో. చలి అక్కర్లేదు, ఎండ కావాలి. గడ్డ నాటిన మూడు నాలుగు నెలలకి పూస్తది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన శృంగార్, ప్రజ్వల్ రకాలు దండలకి బాగుంటాయి. కానీ గదిలో పెరగదు, మేడ మీద కుండీలో నిండా ఎండ తగలాలి. చలికాలంలో పూత తగ్గుతది. కాబట్టి జనవరిలో కిటికీకి ఇది జవాబు కాదు. మేలో నాటుకోండి, దసరాకి కోసుకోండి.

మరి జనవరి కిటికీకి ఏంటి? నా ఓటు అమరిల్లిస్‌కి. పేరు కొత్తగా ఉన్నా మీరు చూసిన పువ్వే. మన పాత ఇళ్ల ముందు ఎండాకాలం మొదట్లో పొడుగు కాడ మీద ఎర్రగా గంటల్లాగా పూస్తది కదా, అదే. దీనికి చలి అవసరం లేదు. కావలసింది ఎండిపోయే విశ్రాంతి. సెప్టెంబర్ మొదట్లో నీళ్లు ఆపేయాలి. ఆకులు పసుపై రాలిపోతాయి, రాలనీయండి. ఎనిమిది నుంచి పది వారాలు కుండీని చీకటిగా, పొడిగా ఉన్నచోట వదిలేయాలి. తర్వాత ఒక్కసారి బాగా నీళ్లు పోసి వెలుతురులోకి తేవాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పువ్వు. కుండీ పెద్దది వద్దు, గడ్డ చుట్టూ రెండు వేళ్ల ఖాళీ చాలు. గడ్డ పైభాగం మూడో వంతు మట్టి బయటికి కనిపించాలి, మొత్తం పూడిస్తే కుళ్లుతది. పూసిన తర్వాత పారేయకండి. ఆకులు ఎన్ని వస్తే అంత బలం, దాదాపు ప్రతి నాలుగు ఆకులకి ఒక మొగ్గ లోపల తయారవుతది. అందుకే వేసవి, వానాకాలం అంతా దానికి ఎండ, ఎరువు ఇవ్వాలి. ఒకసారి కొన్న గడ్డ ఏళ్ల తరబడి ఉంటది, పక్కన పిల్లగడ్డలు పెడతది. అయితే దీని గడ్డ కూడా విషమే, ఉల్లిగడ్డల దగ్గర పెట్టొద్దు.

ఓపిక తక్కువ ఉన్నోళ్లకి పేపర్‌వైట్ నార్సిసస్ ఉంది. దీనికీ చలి అక్కర్లేదు. గిన్నెలో గులకరాళ్లు, వాటి మీద గడ్డలు, అడుగుకి తగిలేంత నీళ్లు. నాలుగైదు వారాల్లో పూస్తాయి. వేడికి కాడలు సన్నగా పెరిగి పడిపోతాయి. దీని మీద అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు ఒక తమాషా ప్రయోగం చేశారు. వేర్లు వచ్చాక నీళ్లలో దాదాపు ఐదు శాతం ఆల్కహాల్ ఉండేట్టు కలిపితే కాడలు పొట్టిగా, గట్టిగా ఉన్నాయి, పువ్వు మాత్రం తగ్గలేదు. మీ ఇంట్లో ఇది ఎట్లా వివరిస్తారో మీ ఇష్టం. నేనైతే కాడల చుట్టూ పుల్లలు గుచ్చి, మిగిలిన పట్టుదారంతో కట్టేశా.

మధ్యలో ఒక జాగ్రత్త మర్చిపోయా. ఊలు, పట్టు పురుగులు తింటాయి. అల్లిన బట్టని కవర్‌లో మూసి మూడు రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెడితే పురుగులు చస్తాయి. గడ్డలు మాత్రం డీప్ ఫ్రీజర్‌లో పెట్టారో, గడ్డకట్టి బయటికి తీయగానే మెత్తగా గుజ్జైపోతాయి. షాల్ పైన, గడ్డలు కింద ట్రేలో. తారుమారు చేయకండి.

కామెంట్లలో చాలామంది అడిగేది, ఇట్లా అల్లి అమ్మితే డబ్బులొస్తాయా అని. నిజం చెప్తా. నానమ్మ షాల్‌కి నాకు దాదాపు అరవై గంటలు పట్టింది. దారం పన్నెండు వందలు. గంటకి యాభై రూపాయలు వేసుకున్నా నాలుగు వేల రెండు వందలు అయితది. ఇన్‌స్టాలో ఫోటో పెడితే ఒకరు "ఎనిమిది వందలకి ఇస్తారా" అన్నారు. నర్సాపురం దిక్కు ఆడవాళ్లు తరాలుగా క్రోషె లేసు అల్లుతున్నారు, అది విదేశాలకి పోతది. వాళ్ల మీద మరియా మీస్ అనే ఆమె 1982లో ఒక పుస్తకమే రాసింది. ఇంట్లో కూర్చుని చేసే పని కాబట్టి దాన్ని పనిగానే లెక్కపెట్టరు, కూలి అందుకే అంత తక్కువ అని ఆమె వాదన. ఇన్నేళ్ల తర్వాత నాకొచ్చిన మెసేజ్ కూడా అదే లెక్క. అమ్మాలనుకుంటే గంటలు రాసుకోండి, ఆ గంటలకి ధర చెప్పండి, కుదరదంటే ఇవ్వకండి. నేను అమ్మను. నాకు తెలిసినోళ్లకి అల్లుతా.

నానమ్మ ఇప్పుడు వాకర్ పట్టుకుని వాకిట్లోకి వస్తోంది. పోయిన ఏడాది షాల్ ఆమె రోజూ పొద్దున కప్పుకుంటది, ఎనిమిది దాటగానే తీసి మడిచి దిండు కింద పెడ్తది. ఈసారి తులిప్ లేదు, హయసింత్ లేదు. సెప్టెంబర్ 10న రెండు అమరిల్లిస్ కుండీలకి నీళ్లు ఆపేశా, ఆమె మంచం కిందే ఉన్నాయి. "చచ్చిన కుండీలు ఎందుకే" అని వారానికోసారి అడుగుతది. వచ్చే బుధవారానికి తొమ్మిది వారాలు నిండుతాయి, ఆమె చేతనే నీళ్లు పోయిస్తా. ఎడమ చేత్తో పోస్తది. మొలక కనిపించిన రోజు చిన్న వీడియో పెడతా, చూడండి.